లోడేస్తే ట్రాక్టర్ ముందు లేస్తోంది: వెయిట్లు పెట్టాలా, హిచ్ మార్చాలా, ఫోర్ వీల్ ట్రాలీ కొనాలా?

నాపరాయి_ఎర్రగుంట్ల | సోమవారం, ఉదయం 7:10

అన్నలందరికీ నమస్కారం. మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. 45 హెచ్‌పీ ట్రాక్టరు, రెండు చక్రాల టిప్పింగ్ ట్రాలీ ఉన్నాయి. నాపరాయి బండలు తోలుతుంటాం. ఊరి చుట్టుపక్కల తిరిగినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య రాయచోటి వైపు ఇళ్ల పనులకు బేరాలు వస్తున్నాయి. అటు పోవాలంటే కడప దాటినాక గువ్వలచెరువు ఘాట్ ఎక్కాల్సిందే.

లోడు మీద ఎక్కుడు ఎక్కేటప్పుడు స్టీరింగ్ మరీ తేలికైపోతోంది. తిప్పినంత బండి తిరగడం లేదు. వెనక చక్రం గుంతలో పడి లేస్తే ముందు టైర్లు నేల వదులుతున్నాయి. మలుపులో లారీ ఎదురొస్తే టెన్షన్‌గా ఉంటోంది.

షాపులో అడిగితే బంపర్ వెయిట్లు (ట్రాక్టర్ ముందు తగిలించే బరువు పలకలు) పెట్టించుకోమన్నారు. మా పక్కింటాయన ఆ ట్రాలీ అమ్మేసి నాలుగు చక్రాలది తీసుకో అంటున్నాడు. డాలస్‌లో ఉండే మా బావ, అక్కడ పికప్ ట్రక్కులకు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్ తగిలించే ఒక రకం కొక్కెం) అని ఒకటి బిగిస్తారు, వెనక పడే బరువును అదే ముందుకు పంపుతుంది, అలాంటిది ఇక్కడ చేయించుకో అన్నాడు. ముగ్గురి మాటా సబబుగానే ఉంది. దేనికి డబ్బు పెట్టాలో తేలడం లేదు.

సీమ_మెకానిక్ | సోమవారం, 8:25

తమ్ముడూ, డబ్బు పెట్టే ముందు కొన్ని సంగతులు చెప్పు. బండలు ట్రాలీలో ఎక్కడ పేరుస్తున్నారు? ముందు పలకకు ఆనించి నిలబెడుతున్నారా? హుక్కు కంపెనీ ఇచ్చిన చోటే ఉందా, మార్చారా? లోడు ఎన్ని టన్నులు? అందాజా వద్దు, కాటా చీటీ ఉంటే చెప్పు.

నాపరాయి_ఎర్రగుంట్ల | సోమవారం, 8:50

అవునన్నా, ముందు పలకకు ఆనించే పేరుస్తాం. మధ్యలో పెడితే బ్రేకు కొట్టినప్పుడు వరస ముందుకు ఒరుగుతుంది కదా. హుక్కు మాత్రం, ట్రాలీకి పెద్ద టైర్లు వేశాక ముక్కు కిందికి వంగి ఉందని వెల్డింగ్ షాపులో ఒక బెత్తెడు పైన పెట్టించాం. లోడు నాలుగు, నాలుగున్నర టన్నులు ఉంటుంది.

ప్రొద్దుటూరు_స్టీరింగ్ | సోమవారం, 9:30

నేను లారీ తోలేవాణ్ని. గువ్వలచెరువు ఘాట్‌లో ట్రాక్టర్ల వెనక చాలాసార్లు నిదానంగా పోయాను. అందరూ ఎక్కుడు గురించే ఆలోచిస్తారు, దిగుడు గురించి ఎవరూ అడగరు. ట్రాలీకి బ్రేకులు ఉన్నాయా తమ్ముడూ? చాలా ట్రాలీలకు ఉండవు. దిగేటప్పుడు ఆ బరువంతా ట్రాక్టర్‌ను వెనక నుంచి తోస్తుంది. అప్పుడు ముందు టైర్లకు పట్టు లేకపోతే బండి అడ్డం తిరుగుతుంది. ఏ గేర్‌లో ఎక్కావో అదే గేర్‌లో, వీలైతే ఇంకా కింది గేర్‌లో దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లను కళ్లారా చూశాను, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. కుడి, ఎడమ బ్రేకు పెడళ్లకు లాచ్ వేసి రెండూ ఒక్కటిగా పడేలా చూసుకో. పొలంలో లాచ్ తీసి, రోడ్డెక్కాక వేయడం మరిచిపోతారు. అలా ఒక్క చక్రానికే బ్రేకు పడితే లోడు బండిని నిలబెట్టలేవు.

ఆర్సీలో రాసిన లోడు కూడా ఒకసారి చూసుకో. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

టెక్సాస్_కడపోడు | సోమవారం, రాత్రి 7:40

మీ బావ చెప్పిన హిచ్ నేను ఇక్కడ వాడుతున్నాను కాబట్టి దాని సంగతి చెప్తాను. మా పికప్ వెనక హిచ్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో రెండు వరసల అంకెలు. మామూలు బాల్ (ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప గుండు) హిచ్‌తో అయితే ట్రైలర్ 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలు దాటకూడదు. బాల్ మీద నిలువుగా పడే బరువు 500 పౌండ్లు, అంటే సుమారు 227 కిలోలు దాటకూడదు. ఆపైన లాగాలంటే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తప్పనిసరి. అంకెలు బండిని బట్టి మారతాయి. ఎవరి స్టిక్కర్ వాళ్లు చూసుకోవాల్సిందే.

మా క్యాంపింగ్ ట్రైలర్ 7,000 పౌండ్లు, అంటే 3,175 కిలోలు. ఇలాంటి ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలి. తక్కువ పడితే హైవే మీద ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగుతుంది. ఎక్కువ పడితే పికప్ వెనక కుంగి ముందు లేస్తుంది. మాకు 900 పౌండ్ల దాకా వస్తుంది కాబట్టి ఆ హిచ్ లేకుండా కుదరదు.

అది పని చేసే తీరు ఇదీ. బాల్ కింద నుంచి రెండు గట్టి స్ప్రింగు బార్లు వెనక్కి వచ్చి ట్రైలర్ ఫ్రేముకు బిగుస్తాయి. వాటిని బిగించి పట్టినప్పుడు బండికీ ట్రైలర్‌కూ మధ్య జాయింటు కిందికి మడవకుండా ఆగుతుంది. వెనక ఇరుసు మీద పడిన బరువులో కొంత ముందు ఇరుసుకు, కొంత ట్రైలర్ చక్రాలకు పోతుంది. మొత్తం బరువు ఒక్క కిలో కూడా తగ్గదు. సరిగ్గా బిగిసిందో లేదో టేపుతో చూస్తాం. ట్రైలర్ తగిలించకముందు ముందు చక్రం పైన మడ్‌గార్డు అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలుస్తాం. తగిలించాక మళ్లీ కొలుస్తాం, బార్లు బిగించాక ఇంకోసారి. మధ్యలో పెరిగిన ఎత్తు మాన్యువల్ చెప్పినంత మేరకు కిందికి రావాలి.

ట్రాక్టర్‌కు అది పనికొస్తుందా అంటే నాకు అనుమానమే. ఇక్కడ కూడా పొలం ట్రాక్టర్లకు అది కట్టగా చూడలేదు.

పులివెందుల_ఇంజినీర్ | సోమవారం, రాత్రి 9:15

ట్రాక్టర్‌కు అది పనికిరాదు. ట్రాలీ హుక్కు, పిన్ను కావాలనే వదులుగా ఉంటాయి. గట్టు దాటేటప్పుడు ట్రాక్టర్ ఒక పక్కకు, ట్రాలీ ఇంకో పక్కకు ఒరగాలి. పొలం మూలలో దాదాపు అడ్డంగా మలుపు తిప్పాలి. స్ప్రింగు బార్లు ఆ కదలికను అడ్డుకుంటాయి. మొదటి గట్టు దగ్గరే బార్లైనా వంగుతాయి, హుక్కు బిగించిన బోల్టులైనా తెగుతాయి. పైగా నీది టిప్పింగ్ ట్రాలీ. తొట్టి లేపినప్పుడు బరువు వెనక్కి పోయి ముక్కు పైకి లాగుతుంది. బిగుసుకుపోయిన బార్లతో ఆ పని చేస్తే ఏది ఎప్పుడు ఎగిరి తగులుతుందో చెప్పలేం.

నీ ముందు చక్రాలు లేవడానికి కారణం ఒక్కటి కాదు, మూడు కలిశాయి. లెక్క సులభంగా ఉండాలని ఉజ్జాయింపు అంకెలు తీసుకుంటున్నా. ట్రాక్టర్ 2,000 కిలోలు, అందులో ముందు ఇరుసు మీద 800. రెండు ఇరుసుల మధ్య 2 మీటర్లు. హుక్కు వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనక ఉంది.

వెనక ఇరుసును ఆధారం అనుకుంటే ఇదంతా కావడి లాంటిదే. హుక్కు మీద నిలువుగా 900 కిలోలు పడితే, 900ను 0.6తో హెచ్చించి 2తో భాగించు. ముందు నుంచి 270 కిలోలు పోయాయి. ఇది సమతలం మీద, బండి ఆగి ఉన్నప్పుడే.

రెండోది లాగుడు. ట్రాలీ, లోడు కలిపి 6 టన్నులు అనుకో. 100 అడుగులు పోతే 10 అడుగులు లేచే ఎక్కుడులో దాన్ని లాగడానికి సుమారు 750 కిలోల బలం కావాలి. ఆ బలం హుక్కు ఎత్తులో పని చేస్తుంది. హుక్కు నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ముందు నుంచి ఇంకో 170 కిలోలు తగ్గుతాయి. అదే 65 సెంటీమీటర్లకు లేపితే దాదాపు 245. మీ వెల్డింగ్ షాపు చేసింది నువ్వు చెప్పిన బెత్తెడే అయినా, చెడు జరిగేది ఆ దిశలోనే.

మూడోది, ఎక్కుడులో ట్రాక్టర్ సొంత బరువు వెనక్కి వాలడం. అది ఇంకో 70 కిలోలు. మొత్తం తీసేస్తే ముందు ఇరుసు మీద 300 కిలోలు కూడా మిగలవు. స్టీరింగ్ వినాలంటే ట్రాక్టర్ ఖాళీ బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలని చాలా మాన్యువల్స్ చెప్తాయి. నీకు అది 400.

సీమ_మెకానిక్ | సోమవారం, రాత్రి 10:05

సార్ లెక్క చెప్పారు. నేను పని చెప్తాను. రేపు లోడుతో కాటాకు పో. మీ వైపు బండలకు, సిమెంటుకు కాటాలకు కొదవ లేదు. ట్రాలీ విప్పకుండానే ముందు ట్రాక్టర్ ముందు చక్రాలు మాత్రం కాటా మీదికి ఎక్కించి బరువు రాయించుకో. ఇంకొంచెం ముందుకు పోయి ట్రాక్టర్ నాలుగు చక్రాలూ కాటా మీద, ట్రాలీ చక్రాలు బయట ఉండేలా నిలిపి ఇంకో అంకె తీసుకో. తర్వాత ట్రాలీ చక్రాలు మాత్రమే. చివరికి ట్రాలీ పక్కన విప్పి ట్రాక్టర్ ఒక్కటే తూయించు, దానికి కూడా ముందు చక్రాలు వేరుగా. రెండో అంకెలోంచి ఒంటరి ట్రాక్టర్ బరువు తీసేస్తే హుక్కు మీద ఎంత పడుతోందో వచ్చేస్తుంది. కాటా పలక, దాని ముందున్న కాంక్రీటు సమానంగా ఉన్న చోటే చెయ్యి. ఎగుడు దిగుడుగా ఉంటే అంకెలు అబద్ధం చెప్తాయి. నిలిపాక బ్రేకు వదిలేసి రీడింగ్ తీసుకో.

మైదుకూరు_పసుపు | మంగళవారం, ఉదయం 6:30

ఇంజినీర్ సార్ లెక్క బాగుంది కానీ, హుక్కు మీద బరువు పడటమే తప్పన్నట్టు అనుకోవద్దు. ఆ బరువే వెనక టైర్లకు పట్టు. మా దగ్గర ఒకాయన నాలుగు చక్రాల ట్రాలీ తెచ్చాడు. దానికి ముందు ఇరుసు టర్న్ టేబుల్ (అటూ ఇటూ తిరిగే పళ్లెం) మీద ఉంటుంది, లోడంతా దాని చక్రాలే మోస్తాయి, హుక్కు మీద దాదాపు ఏమీ పడదు. ట్రాక్టర్ ముందు లేవదు నిజమే. వాన పడిన బాటలో మాత్రం వెనక టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. రివర్స్ పెట్టాలంటే ప్రాణం పోతుంది, రెండు చోట్ల మడిచే బండి కదా. కళ్లంలోకి వెనక్కి తోలడం మా అబ్బాయికి ఇప్పటికీ రాలేదు. బండలు దించడానికి ఇళ్ల మధ్య సందుల్లోకి పోయేవాళ్లకు రెండు చక్రాలదే మేలు.

వెయిట్లు పెట్టించుకో, కంపెనీవే పెట్టించుకో. మేం కేసీ కెనాల్ కింద వరి మడి దమ్ము చేసేటప్పుడు మాత్రం తీసేస్తాం, లేకుంటే ముందు టైర్లు కూరుకుపోతాయి. దమ్ము అయిపోగానే మళ్లీ బిగిస్తాం.

వెల్డింగ్_వర్క్స్_కడప | మంగళవారం, 9:00

ఇంత లెక్కలు అక్కర్లేదు బ్రదర్. వెనక టైర్లలో నీళ్లు నింపండి, ట్రాక్టర్ నేలకు అతుక్కుంటుంది. ట్రాలీ ముక్కు లేపాలంటే హుక్కు ఇంకొంచెం పైకి పెట్టి టాప్ లింకు (ట్రాక్టర్ వెనక పైభాగంలో పనిముట్లు తగిలించే కడ్డీ) దగ్గర సపోర్టు ఇస్తే బాగుంటుంది. చాలామందికి చేసిచ్చాం.

సీమ_మెకానిక్ | మంగళవారం, 9:20

ఈ మాట మీద ఎవరూ పని చేయించుకోవద్దు, దయచేసి. లాగే బలం వెనక ఇరుసు మధ్య కంటే కిందే ఉండాలి. టాప్ లింకు దగ్గరికి లాగుడు పోతే ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. ముందు చక్రాలు లేవడం మొదలయ్యాక క్లచ్ తొక్కే టైం ఉండదు. బురదలో ఇరుక్కున్న ట్రాలీని ఇలాగే లాగబోయి ట్రాక్టర్ కింద పడి పోయిన మనుషులు ఉన్నారు. పొట్ట చేత పట్టుకుని తిరిగే డ్రైవర్ ప్రాణంతో ఆడుకునే పని ఇది.

నీళ్ల సంగతి కూడా అంతే. వెనక టైర్లలో పోసిన నీళ్ల బరువు వెనక టైర్ల మీదే ఉంటుంది. ముందుకు ఒక్క కిలో రాదు. పట్టు పెరిగి ఇంకా గట్టిగా లాగుతుంది, దాంతో ముందు ఇంకా లేస్తుంది.

వెల్డింగ్_వర్క్స్_కడప | మంగళవారం, 11:45

టాప్ లింకు మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నా. మరి ట్రాలీ ముక్కు వంగి ఉంటే ఏం చేయాలి? కస్టమర్లు అదే అడుగుతారు.

సీమ_మెకానిక్ | మంగళవారం, మధ్యాహ్నం 12:10

హుక్కు ముట్టుకోకుండా ట్రాలీ వైపు మార్చు. ట్రాలీ డ్రాబార్ (ట్రాలీని లాగే ముందు కడ్డీ) కొసన ఉండే కన్ను కిందికి దించి, మందమైన ప్లేటుతో రెండు పక్కలా గసెట్లు (బలానికి వేసే మూల పలకలు) పెట్టి వెల్డ్ చెయ్యి. ఎక్కువ తేడా ఉంటే పెద్ద టైర్లు తీసి పాత సైజుకు రావడమే.

నాపరాయి_ఎర్రగుంట్ల | బుధవారం, సాయంత్రం 5:30

కాటా అయింది. ట్రాక్టర్ ఒంటరిగా 2,010 కిలోలు, ముందు 790. ఎప్పటిలా ముందు పలకకు ఆనించి పేర్చిన లోడుతో ట్రాక్టర్ నాలుగు చక్రాలు 2,930, ముందు చక్రాలు 510. ట్రాలీ చక్రాలు 5,180. అంటే హుక్కు మీద 920 పడుతోంది.

అక్కడే లోడు దించి వరసను జానెడు వెనక్కి జరిపాం. ముందు పలకకూ వరసకూ మధ్య సర్వీ కొయ్యల దుంగలు అడ్డం పెట్టి, గొలుసు వేసి బిగించాం, ముందుకు ఒరగకుండా. మళ్లీ తూయిస్తే ట్రాక్టర్ 2,650, ముందు 600. హుక్కు మీద 640. జానెడు జరిపితేనే 280 కిలోలు తగ్గడం నేను ఊహించలేదు. కాటా అతను కూడా రెండోసారి చూసుకున్నాడు.

పులివెందుల_ఇంజినీర్ | బుధవారం, రాత్రి 8:00

చాలా మంచి పని చేశావు. ట్రాలీ, లోడు కలిపి 6,100 వచ్చాయి. హుక్కు మీద ఇప్పుడు అందులో పదో వంతు పైనే ఉంది. ఇంకా వెనక్కి జరపొద్దు. ట్రాలీ ఇరుసు దాటి బరువు వెనక్కి పోతే హుక్కు పైకి లాగుతుంది, అప్పుడు వెనక టైర్ల పట్టు పోతుంది, ట్రాలీ ఊగుతుంది. అది ఇప్పటి కంటే పెద్ద ప్రమాదం.

హుక్కు పాత ఎత్తుకు దించేశాక, మొన్నటి లెక్కలోని ఎక్కుడులో 600 లోంచి 170, 70 తీసేస్తే 360 మిగులుతాయి. 400కు ఇంకా తక్కువే. వెయిట్లు అవసరమయ్యేది ఇక్కడ. ముందు ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందుకు 100 కిలోలు తగిలిస్తే ఇరుసు మీద 130 పెరుగుతుంది, ఎందుకంటే వెనక నుంచి 30 కిలోలు కూడా ముందుకు వస్తాయి. 490 అవుతుంది. గుంతల్లో కొట్టుకున్నా స్టీరింగ్ చేతిలో ఉంటుంది. కంపెనీ ఎన్ని పలకలకు అనుమతి ఇచ్చిందో అన్నే. ఇసుక బస్తాలు, రాళ్లు కట్టడం వద్దు.

లోడు తూకానికి ఒక గుర్తు. అంగుళం మందం నాపరాయి చదరపు అడుగుకు సుమారు 6 కిలోలు. రెండడుగుల చదరం బండ 25 కిలోల దగ్గర. అడుగులు లెక్కపెట్టుకుంటే ప్రతి లోడుకూ కాటాకు పోనక్కర్లేదు.

ప్రొద్దుటూరు_స్టీరింగ్ | బుధవారం, రాత్రి 9:10

వెయిట్లు ఉన్నాయని దిగుడులో స్పీడు పెంచొద్దు తమ్ముడూ. నీ ట్రాలీకి బ్రేకులు లేకపోతే ఆ ప్రమాదం అలాగే ఉంది. ఘాట్ బేరాలు పర్మనెంటు అయితే వెయిట్ల కంటే ముందు బ్రేకులున్న ట్రాలీ గురించి ఆలోచించు. అంతవరకు ఆ దారికి లోడు మూడు టన్నులకు తగ్గించి తోలు.

నాపరాయి_ఎర్రగుంట్ల | గురువారం, ఉదయం 7:00

సరే అన్నా, ఘాట్‌కు మూడు టన్నులే. హుక్కు ఈరోజే దించిస్తున్నా, వెయిట్లు ఆర్డర్ చెప్పాను. ఫోర్ వీల్ ఆలోచన మానుకున్నా.

లైటింగ్_రాజంపేట | గురువారం, 11:20

ఇదే చర్చలో నాదొక డౌటు. మాకు పికప్ ఉంది. పెళ్లిళ్లకు జనరేటర్ ట్రాలీ తగిలించుకుని పోతాం. ట్రాలీతో కలిపి 1,200 కిలోలు. టెక్సాస్ అన్న చెప్పిన హిచ్ నాకేమైనా అవసరమా? వెనక కొంచెం కుంగుతోంది.

టెక్సాస్_కడపోడు | గురువారం, రాత్రి 8:30

ముందు ముక్కు బరువు చూడన్నా. ధాన్యం తూచే ప్లాట్‌ఫారం కాటా ఉంటే చాలు. సమతలం మీద ట్రాలీ చక్రాలకు అడ్డం పెట్టి, పికప్‌కు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ముక్కు ఉండేలా కింద దిమ్మె పెట్టి కాటా మీద ఆనించు. 120 నుంచి 180 కిలోల మధ్య వస్తే మంచిదే.

పులివెందుల_ఇంజినీర్ | గురువారం, రాత్రి 9:00

150 వచ్చిందనుకుందాం. పికప్ ఇరుసుల మధ్య 3 మీటర్లు, హుక్కు వెనక ఇరుసుకు 1.2 మీటర్లు వెనక అయితే ముందు నుంచి పోయేది 60 కిలోలే. దానికి ఆ హిచ్ ఖర్చు దండగ. కానీ ఆ 150 కిలోలు కూడా పికప్ మోసే లోడులో లెక్కే. వెనక తొట్టిలో కేబుళ్లు, లైట్ల స్టాండ్లు, ఐదారుగురు కుర్రాళ్లు ఎక్కితే కుంగేది జనరేటర్ వల్ల కాదు. ఆ సామాను తూయించి చూడండి.

లైటింగ్_రాజంపేట | శుక్రవారం, ఉదయం 10:15

తూయించాను సార్. ముక్కు 140 వచ్చింది. వెనక సామాను మాత్రం 900 దాటింది, మనుషులు కాకుండా. కేబుల్ డ్రమ్ములు ఇకమీద వేరే ఆటోలో పంపుతాం.